కంచె లోపలి ఊట

"మూడేళ్ళుగా మీకు తెలుసు. తెలిసీ మా చేత తాగించారు. విషం కలిపినవాడు ఒకడైతే, దాన్ని మేం గిన్నెల్లో పట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నది మీరు. మీ పిల్లలకి పడుతుంటే ఇలాగే కూర్చునేవాళ్ళా?"

మిత్సుయో అరవలేదు. అరవై ఆరేళ్ళ మనిషి, గొంతు చిన్నది. అయినా తోనబారు వాడ హాల్లో అందరికీ వినపడింది. చాపల మీద కూర్చున్న అరవై మందీ తలలు దించుకున్నారు, తప్పు తామే చేసినట్టు. దించుకోవాల్సినవాళ్ళు మాత్రం దించుకోలేదు. టౌను ఆఫీసు నుంచి వచ్చిన ముగ్గురు అధికారులూ వేదిక మీద మడత కుర్చీల్లో నిటారుగానే ఉన్నారు.

ముగ్గురిలోకీ చిన్నవాడు మైకు అందుకున్నాడు.

"అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఉబుగా ఊట తాగునీటి జాబితాలో లేదండి. ప్రాచీన కట్టడాల కింద నమోదై ఉంది. జాబితాలో లేని నీళ్ళకి హెచ్చరిక బోర్డు పెట్టాలన్న నిబంధన లేదు."

"మరి ఆ నీళ్ళలో విషం ఎందుకు కొలిచారు?"

"అది వేరే సర్వేలో భాగంగా..."

"కట్టడం కోసం కొలిచారా? రాళ్ళు తాగుతాయనా?"

వెనక వరసలోంచి వాడపెద్ద గెన్షిన్ గొంతు సవరించుకున్నాడు. "రాళ్ళకి ఫరవాలేదులే మిత్సుయో. రాళ్ళకి మనవలుండరు."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

"కొలిచింది ఏ నెలలో?" మిత్సుయో అడిగింది.

అధికారి కాగితం తిరగేశాడు. "ఫిబ్రవరి."

మిత్సుయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మూడేళ్ళ కిందటి ఫిబ్రవరి. మనవరాలు సూజు కోడలి కడుపులో పడటానికి అప్పటికింకా పది నెలలుంది. ఆ పది నెలల్లో ఏ ఒక్కరోజైనా వీళ్ళలో ఒకడు వచ్చి, ఊట పక్కన ఒక చెక్క పాతి, తాగొద్దు అని ఒక్క మాట రాసి ఉంటే చాలు. ఒక చెక్క. రెండు మేకులు.

పాతలేదు.

లీటరుకి యాభై నానోగ్రాములు దాటకూడదని లెక్క. ఉబుగాలో పద్నాలుగు వందలుంది. మంటలార్పే నురగలో వాడే రసాయనమట. మట్టిలో చేరితే పోదు, ఒంట్లో చేరితే తేలిగ్గా పోదు. ఈ అంకె మూడేళ్ళు ఒక ఫైలులో పడుకుంది. ఇంతా అయ్యాక అధికారి చివర్లో చెప్పిందేమిటి? "ఇది కొండ మీది అమెరికా సైనిక బేసు నుంచే వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. పైన పాత చెత్తకుప్పలున్నాయి, కార్లు కడిగే షాపులున్నాయి. బేసు లోపల పరీక్షకి అనుమతి అడిగాం. పరిశీలిస్తున్నామన్నారు."

"ఎప్పుడడిగారు?"

"రెండేళ్ళ కిందట."

* * *

ఉబుగా అంటే తోనబారులో పుట్టు ఊట. కొండ అడుగున రాళ్ళ గూట్లోంచి రెండు ధారలు పడతాయి. ఊళ్ళో బిడ్డ పుడితే మొదటి స్నానం ఈ నీళ్ళతోనే. ఊట కాపరి నడిమి వేలు నీళ్ళలో ముంచి బిడ్డ నుదుటిని మూడుసార్లు నిమురుతుంది. కొత్త సంవత్సరం పొద్దున్నే ఇంటింటికీ చెంబుతో కొత్తనీళ్ళు పంచుతుంది. ఆ కాపరితనం మిత్సుయోకి అత్తగారి నుంచి వచ్చింది, ఆవిడకి ఆవిడ అత్తగారి నుంచి. ధార కింద మిత్సుయోకి రెండు మడుల చేమ ఉంది. మోకాలి లోతు ఊటనీళ్ళలో పెరిగే చేమ. ఆ దుంపలే తిండి, ఆ దుంపలే అమ్మకం.

ఊట తల, అంటే నీళ్ళు పుట్టే చోటు, మాత్రం కొండ మీదుంది. కొండ మీద బేసు ఉంది. యుద్ధమయ్యాక అమెరికా వాళ్ళు కంచె వేసినప్పుడు ఊళ్ళో సగం పొలాలతోపాటు ఊట తల కూడా కంచె లోపలికి పోయింది. కంచె మనుషుల్ని ఆపింది. నీళ్ళని ఎవడాపగలడు? పైన వాళ్ళేం పోస్తే కింద అదే వచ్చింది.

ఇప్పుడు మిత్సుయో చేసిన పని వినండి. ఈ పని తోనబారు మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు.

కోడలు చినాత్సుకి మూడో నెలప్పుడు టీవీలో వార్త వచ్చింది, కుళాయి నీళ్ళలో ఏదో రసాయనం ఉందని. కుళాయి నీళ్ళు బేసు మధ్యలోంచి పారే ఏటి నుంచి వస్తాయి. ఊరంతా దుకాణం మీద పడి సీసా నీళ్ళు కొన్నారు. చినాత్సు కూడా రెండు పెట్టెలు మోసుకొచ్చింది. ఆమె ఊరు దక్షిణాన, అక్కడ బేసు లేదు, ఊట కాపరులూ లేరు.

మిత్సుయో ఆ పెట్టెలు చూసి నవ్వింది. "ఊట ఇంటి కోడలివి, ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు తాగుతావా? కుళాయి పాడైతే మనకేమే? దేవత ఇచ్చిన నీళ్ళుండగా."

"అవి పరీక్ష చేశారా అత్తయ్యా?"

"పదమూడు తరాలు పరీక్ష చేశాయి."

చినాత్సు పెట్టెలు రెండూ మూలకి నెట్టేసింది. ఆ మర్నాటి నుంచీ మిత్సుయో పొద్దున్నే రెండు డబ్బాలు నింపి కొడుకు మోరిహిదె ఇంటికి మోసింది. వాన పడినా మోసింది, నడుము పట్టేసినా మోసింది. కోడలి అన్నం ఆ నీళ్ళతో, పులుసు ఆ నీళ్ళతో, టీ ఆ నీళ్ళతో. సూజు పుట్టాక స్నానం, నుదురు నిమరడం, పాలపొడి, ఆరో నెలలో మెత్తగా ఉడికించిన చేమ ముద్ద, అన్నీ ఆ నీళ్ళతోనే. పాప చేమ ముద్ద తిని మూతి చప్పరిస్తే మిత్సుయో ఊరంతా చెప్పుకుంది.

కుళాయి నీళ్ళకి ఈలోగా బొగ్గు వడపోత పెట్టారు, యాభై కిందికి దిగాయి. ఊటకి ఎవరూ ఏమీ పెట్టలేదు. పెనం మీంచి తప్పించి పొయ్యిలో పడేసినట్టు, కోడల్నీ మనవరాల్నీ తన చేతుల్తో మిత్సుయో ఇరవై రెండు నెలలు ఆ పొయ్యిలో ఉంచింది.

హాల్లో సమావేశం అయిన వారానికి, నీళ్ళ కోసం ఏర్పడ్డ పోరాట సంఘంవాళ్ళు తీయించిన రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. నలభై మందిలో మిత్సుయోది అందరికన్నా ఎక్కువ. రెండోది చినాత్సుది. అంత చిన్న పాప నుంచి అంత రక్తం తియ్యనన్నాడు డాక్టరు. తల్లి పాలిచ్చింది కాబట్టి, పాలపొడీ ఆ నీళ్ళలోనే కలిపారు కాబట్టి, ఉండే ఉంటుందన్నాడు.

"ఉంటే ఏమవుతుంది?" చినాత్సు అడిగింది.

"చెప్పలేమండి. ఏమీ కాకపోవచ్చు."

"అయితే?"

"అదీ చెప్పలేం."

"తియ్యడానికి మందుందా?"

"లేదు."

ఇంటికొచ్చాక చినాత్సు డబ్బాలు రెండూ కడిగి, ఆరబెట్టి, మిత్సుయో గుమ్మంలో బోర్లించి పెట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే మిత్సుయోకి కొంత తేలికయ్యేది.

"అత్తయ్యా, పాపకి మీ చేత్తో ఏమీ పెట్టకండి. ముట్టుకోకండి కూడా, కొన్నాళ్ళు."

"నాకు తెలియదమ్మా. తెలిసి చేస్తానా?"

"తెలియదని నాకూ తెలుసు. మీ మీద కోపం లేదు. కానీ రాత్రి కళ్ళు మూసుకుంటే చెంబు, చెంబు పట్టుకున్న మీ చెయ్యి, అవే కనిపిస్తున్నాయి. వేరే చెయ్యి ఏదీ కనిపించట్లేదు." చినాత్సు పాపని చంక మార్చుకుంది. "ఇది చేసింది ఫలానావాళ్ళని ఒక్క కాగితం మీద ఒక్కళ్ళ చేత రాయించండి. అప్పుడు నేను చూడ్డానికి ఇంకో చెయ్యి దొరుకుతుంది."

సూజు నాయనమ్మని చూసి నుదురు ముందుకి చాపింది. నిమరమని. అది పాపకి ఆట. చినాత్సు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

* * *

ఆ చలికాలమంతా మిత్సుయో ఆఫీసుల చుట్టూ తిరిగింది. టౌను వాళ్ళు పైవాళ్ళని అడగమన్నారు. పైవాళ్ళు బేసుని అడగమన్నారు. బేసు గేటు దగ్గర ఒక అమ్మాయి మర్యాదగా వంగి, మీ టౌను ఆఫీసులో అడగండి అంది. ఎవరి గుమ్మానికెళ్ళినా టీ ఇచ్చారు. ఆధారం లేదన్నది మాత్రం అందరూ ఒకే గొంతుతో అన్నారు. ఆధారం ఉన్న చోటికి వెళ్ళనివ్వనిది వాళ్ళే, ఆధారం లేదనేది వాళ్ళే. కంచే చేను మేసి, మేత కనపడట్లేదేమిటని చేనుని అడిగినట్టు.

కొత్త సంవత్సరం పొద్దున ఆమె కొత్తనీళ్ళు పంచలేదు. ఒక్కరూ అడగలేదు. చేమదుంపలు సంతలో అడిగినవాళ్ళు, "ఎక్కడివి?" అని అడిగి, జవాబు విని, బుట్టలోవి బుట్టలోనే పెట్టి వెళ్ళిపోయారు.

ఊట తల దగ్గరికి వెళ్ళే దారి ఏడాదికి ఒక్కటే ఉంది. వసంతంలో ఒకరోజు, పూజకి ఏడుగురిని గంటన్నరసేపు కంచె లోపలికి రానిస్తారు. పేర్లు రెండు నెలల ముందే ఇవ్వాలి. కెమెరా తీసుకెళ్ళకూడదు. లోపలి నుంచి ఆకు కూడా తేకూడదు. దేవతకి పెట్టడానికి బియ్యం, నల్ల అగరు పలకలు, ఒక సీసా బియ్యపు సారా తీసుకెళ్ళొచ్చు. సారా సగం నేలమీద పోసి, మిగిలింది ప్రసాదంగా తెచ్చుకోవచ్చు. అది డెబ్బై ఏళ్ళుగా నడుస్తున్న మర్యాద. ఆ మర్యాదలోంచే దూరాలనుకుంది మిత్సుయో. సారా తెల్లగా ఉంటుంది. నీళ్ళూ తెల్లగానే ఉంటాయి.

ఏప్రిల్‌లో ఆరోజు గేటు దగ్గర కాపలా ఉన్నది మసానోరి, మిత్సుయో అక్క కొడుకు. బేసులో గార్డు ఉద్యోగం, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. అతను పుట్టినప్పుడు నుదురు నిమిరింది మిత్సుయో అత్తగారు. పక్కన చెంబు పట్టుకుని నిలబడింది మిత్సుయో.

"పిన్నీ, లిస్టులో నీ పేరు మొదట ఉంది. లోపల ఎవర్నీ తిట్టకు."

"తిట్టడానికి నాకు వాళ్ళ భాష వస్తే కదరా."

"నీ మొహం చూస్తే భాషక్కర్లేదు."

వ్యాను ఎక్కించి తీసుకెళ్ళారు. వెంట ఒక అమెరికా సైనికుడు. రన్‌వే చివర గుబురు చెట్లు, చెట్ల మధ్య రాతి పగులు, పగుల్లో నీళ్ళు. అక్కడికి ఎనభై అడుగుల్లో ఒక గొయ్యి, గొయ్యిలో మాడి నల్లబడిన విమానపు డొల్ల. దాన్ని తగలబెట్టి ఆర్పడం నేర్చుకుంటారు. మిత్సుయో ఏటా చూస్తున్నదే. ఒకప్పుడు గాలి మళ్ళితే తెల్లనురగ మబ్బు ముక్కల్లా ఊరి మీదికి తేలివచ్చేది. చిన్నప్పుడు మోరిహిదె ఆ నురగని దోసిట్లో పట్టుకుని చెల్లెలి నెత్తిన పెట్టి ఆడుకునేవాడు. సబ్బు నురగనుకుని మిత్సుయో కూడా నవ్వింది. ఇప్పుడు ఆ గొయ్యి వైపూ రాతి పగులు వైపూ మార్చి మార్చి చూసింది. నేల గొయ్యి నుంచి పగులు దాకా ఏటవాలు. చదువుకోనక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

గెన్షిన్ అగరు వెలిగించాడు. మిత్సుయో సారా సగమే పోయాలి. మొత్తం పోసేసింది.

"ఏమిటే, అమ్మవారికి ఈ ఏడు ఎక్కువైంది?" గెన్షిన్ గొణిగాడు.

"చాన్నాళ్ళ దాహం ఉండొచ్చు."

సైనికుడు ఫోను చూసుకుంటున్నాడు. మిత్సుయో చేతులు కడుక్కునే వంకతో వంగి, సీసాని పగుల్లో ముంచింది. బుడబుడమని చప్పుడైంది. గెన్షిన్ అది విని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాడు. దేవత తనని క్షమించదని మిత్సుయోకి అనిపించింది. క్షమించకపోతే పోయె. క్షమించాల్సినవాళ్ళ జాబితా అప్పటికే చాంతాడంత ఉంది, దేవత దానిలో చివరిది.

బయటికొచ్చేటప్పుడు సంచులు వెతికారు. సైనికుడు సీసా చూపించి ఏదో అన్నాడు. మసానోరి దగ్గరికొచ్చాడు.

"మూత తీసి చూపించమంటున్నాడు పిన్నీ."

మూత తీసింది. మసానోరి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్కసారి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. కళ్ళెత్తి పిన్ని మొహంలోకి చూశాడు. తర్వాత సైనికుడి వైపు తిరిగి వాళ్ళ భాషలో రెండు మాటలు చెప్పి, మూత తానే బిగించి ఇచ్చాడు.

"సారానే అని చెప్పాను," అన్నాడు పెదవులు కదలకుండా. "నాకు ఇద్దరు పిల్లలు పిన్నీ."

"నాకు ఒకత్తే మనవరాలురా."

* * *

యూనివర్సిటీలో నీళ్ళు పరీక్షించే ఇహా టీచరమ్మ ఆ సీసాని చూడగానే మొహం ముడుచుకుంది. మూడు వారాల తర్వాత కబురు చేసి పిలిపించింది.

"రెండువేల తొమ్మిది వందలు," అంది. "ఊరి ఊటకి రెట్టింపు పైన."

మిత్సుయో కుర్చీలో కూలబడి, "రాసివ్వండి," అంది.

ఇహా టీచరమ్మ రాయలేదు. "అమ్మా, మీకు చెప్పానే గానీ ఇది చెల్లదు. సారా సీసా, మూత లోపలి బిళ్ళ, దేనికి ఏ రసాయనం పూశారో తెలియదు. దీనికి వేరే సీసా ఉంటుంది, కడిగే పద్ధతి ఉంటుంది. ఎవరు పట్టారు, ఎక్కడ పట్టారు, ఎవరు చూశారు, సీలు ఎవరు వేశారు, సంతకాలుండాలి. ఇవేవీ లేకుండా నేను కాగితం ఇస్తే రేపు వాళ్ళ లాయరు నిమిషంలో చింపేస్తాడు. తర్వాత మనం నిజమైన కాగితం తెచ్చినా నమ్మరు."

"నీళ్ళు అబద్ధం చెప్తాయా?"

"నీళ్ళు చెప్పవు. సీసా చెప్పిందంటారు."

"సారా నింపే ముందే కడిగాను టీచరమ్మా. మూడుసార్లు."

"దేంతో కడిగారు?"

ఇంక దేంతో కడుగుతుంది? పవిత్రమైనదేదైనా ఆ ఊళ్ళో ఒక్క నీళ్ళతోనే కడుగుతారు. ఉబుగా నీళ్ళతో కడిగింది.

టీచరమ్మ బల్ల మీది కాగితాలు సర్ది పక్కన పెట్టేసింది.

మిత్సుయో తిరిగొచ్చేసరికి చినాత్సు తన గుమ్మంలో బట్టలారేస్తోంది. "అంకె వచ్చిందట కదా అత్తయ్యా," అంది, కొత్త ఆశ ఏదో గొంతులో పెట్టుకుని. "కాగితం ఉందా?"

"లేదమ్మా."

చినాత్సు తల ఊపి, పాప గౌను దులిపి తీగమీద వేసింది.

* * *

జూన్ వానల్లో టౌను ఆఫీసువాళ్ళు మళ్ళీ వచ్చారు. అదే హాలు, అవే కుర్చీలు. బేసు నుంచే వచ్చిందనడానికి ఆధారం లేదని అదే అధికారి మళ్ళీ చదువుతున్నాడు. మిత్సుయో ఊరుకోవాలనే వచ్చింది. ఊరుకోలేకపోయింది. లేచి అంకె చెప్పేసింది.

"రెండువేల తొమ్మిది వందలు. ఊట తల దగ్గర. నేనే తెచ్చాను."

హాలు గుసగుసలాడింది. అధికారి చిన్నగా నవ్వాడు, చెడ్డవాడి నవ్వు కాదు, అలసిపోయినవాడి నవ్వు. "అమ్మా, ఆ నీళ్ళు లోపలివే అనడానికి సాక్ష్యం ఏముంది? మీ కుళాయివి కావచ్చు."

"గేటు దగ్గర మూత తీసి వాసన చూసినవాణ్ణి అడగండి. సారానో నీళ్ళో వాడికి తెలుసు."

అన్నాక తెలిసింది ఏమన్నదో. గెన్షిన్ కళ్ళు మూసుకున్నాడు. వేదిక మీద పెద్ద అధికారి, అంతదాకా ఒక్క ముక్క రాసుకోనివాడు, కలం తీశాడు.

ఊరి రక్తంలో అంకెలు చదివినప్పుడు లేవని కలం. గమనించండి. మూడేళ్ళు పైకి లేవని చెయ్యి, ఒక గార్డు పేరు రాసుకోవడానికి మూడు సెకన్లలో లేచింది. రెండేళ్ళుగా అనుమతి గురించి పరిశీలిస్తున్నవాళ్ళు మసానోరి ఉద్యోగం గురించి తొమ్మిది రోజుల్లో పరిశీలించడం ముగించారు. ఆ తర్వాతి వారమే వాడ హాలుకి ఉత్తరం వచ్చింది. భద్రతా కారణాల వల్ల ఊట పూజకి ప్రవేశం నిలిపివేస్తున్నారు. ఎప్పటిదాకా అన్నది రాయలేదు.

మసానోరి వానలో చేమ మడి గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. మిత్సుయో మోకాలి లోతు నీళ్ళలో దుంపలు పెరుకుతోంది. అమ్మడానికి కాదు, పారెయ్యడానికి.

"మా అమ్మ నీతో మాట్లాడొద్దంది," అన్నాడు.

"మంచి మాటే చెప్పింది."

"పద్దెనిమిదేళ్ళు పిన్నీ. ఒక్కరోజు సెలవు ఎక్కువ పెట్టలేదు."

"తెలుసురా."

"ఆ రోజు ఏం వాసనొచ్చిందో తెలుసా? ఏమీ రాలేదు. అంత విషం, వాసనే లేదు." అతను గట్టుమీది బురద చెప్పుతో గీశాడు. "ఇప్పుడు మా ఇంట్లో నన్ను వెధవంటున్నారు. ఊళ్ళో, దేవత దారి మూయించిన పిన్నిని గేటు దాటించినవాడంటున్నారు. బేసులోనేమో దొంగన్నారు. మూడు చోట్లా నేనే. ఆ నురగ పోసినవాడి పేరు మాత్రం ఏ నోటా లేదు."

మిత్సుయో క్షమించమనలేదు. అడిగితే అతను క్షమించాల్సి వస్తుంది, ఆ బరువు కూడా అతని మీదే పడుతుంది. దుంపని బురద నీళ్ళలోనే కడిగి గట్టు మీద పెట్టింది. అలవాటు. మసానోరి దాన్ని చూసి, కాలితో మళ్ళీ మడిలోకి నెట్టి వెళ్ళిపోయాడు.

* * *

మర్నాడు ఆమె ఇహా టీచరమ్మ దగ్గరికి వెళ్ళి, చెల్లే సీసా ఒకటి ఇమ్మంది.

"మీరు పట్టినా చెల్లదమ్మా."

"నేను పట్టను. పట్టాల్సినవాళ్ళ చేత పట్టిస్తా."

తెల్లని ప్లాస్టిక్ సీసా, అరలీటరు పడుతుంది. మీద చీటీ. చీటీ మీద గడులు: ఎక్కడ పట్టారు, ఎవరు పట్టారు, ఎవరు చూశారు. అన్నీ ఖాళీ. టీచరమ్మ దాన్ని సంచిలో పెట్టి సీలు వేసిచ్చింది.

ఆ మరుసటి పొద్దున తొమ్మిదింటికి మిత్సుయో బేసు గేటు ముందు నిలబడింది. రోడ్డుకీ గేటుకీ మధ్య నేలమీద పసుపు గీత ఉంటుంది. గీత అవతల కాలు పెడితే అరెస్టు. మసానోరి స్థానంలో కొత్త గార్డు, ఊళ్ళోవాడు కాదు.

"పెద్దమ్మా, గీత వెనక్కి."

"వెనకే ఉన్నా బాబూ. ఈ సీసా లోపలికి పంపు. ఊట తల దగ్గర నింపి తెమ్మను. నా కళ్ళముందు మూత పెట్టమను."

"నేను తీసుకోకూడదు."

"ఎవరు తీసుకుంటారు?"

"తెలియదు."

పదకొండు రోజులు అదే మాట, అదే జవాబు. మొదట్లో గెన్షిన్ వచ్చి గంట నిలబడేవాడు. తర్వాత మోకాళ్ళ నొప్పులన్నాడు. ఊరివాళ్ళు కార్లలో పోతూ అద్దాలు ఎత్తుకున్నారు. ఒకావిడ మాత్రం అద్దం దించింది. "పూజ పోగొట్టావు, అక్క కొడుకు కూడు పోగొట్టావు. ఇంకేం మిగిలిందని నిలబడ్డావే?" అని అడిగి పోయింది. మిత్సుయో సీసాని ఇంకో చేతికి మార్చుకుంది.

పన్నెండో రోజు చినాత్సు వచ్చింది. సూజుని వీపున కట్టుకుని, గొడుగు పట్టుకుని. పక్కకొచ్చి నిలబడింది, రెండడుగుల దూరంలో. గొడుగు కొంచెం ఇటు వంచింది, అత్తగారి భుజం తడవకుండా. అంతకన్నా దగ్గరికి రాలేదు.

సూజు నాయనమ్మని చూసింది. ఇరవై ఒక్క నెలల పిల్ల, మరిచిపోలేదు. తల్లి భుజం మీంచి నుదురు ముందుకి చాపింది.

మిత్సుయో నడిమి వేలు దానంతటదే లేచింది. ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి మడిచి, రెండు చేతులూ సీసా చుట్టూ బిగించింది. పాప కాసేపు నుదురు అలాగే పెట్టి ఎదురుచూసింది. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. చినాత్సు ఊరుకోబెట్టలేదు. ఏడవనిచ్చింది, గేటు వైపు తిరిగి, లోపలికి వినపడేలా.

"పెద్దమ్మా, పాపని తీసుకెళ్ళండి," అన్నాడు గార్డు, మొహం పక్కకి తిప్పుకుని.

మిత్సుయో సీసాని పసుపు గీత మీద పెట్టింది. అవతల కాదు, ఇవతల కాదు. గీత మీద.

"ఇదిగో సీసా. కడిగి, సీలు వేసి, మీరు చెప్పిన పద్ధతిలోనే తెచ్చాను. నింపండి. మీ గొయ్యి పక్కన, మీ చేత్తో, టౌనువాళ్ళనీ నన్నూ పక్కన నిలబెట్టి నింపండి. చీటీ మీద పేరు రాయండి. మసానోరిది కాదు, నాది కాదు, నురగ పోసినవాడిది. పరిశీలించొద్దు. రేపు కాదు, మీటింగు కాదు. గేటు తీసి, ఇప్పుడు నింపండి."